ఒలికిన పాఠం

పాఠం మొదలుపెట్టక ముందే ఆమె మోచెయ్యి తగిలి బల్ల మీది గ్లాసు బోర్లా పడింది.

నీళ్ళు బల్లంతా పరుచుకున్నాయి. ఎదురుగా కూర్చున్న ప్రిన్సిపాల్ మేడమ్ తన కాగితాలు చటుక్కున పైకెత్తి పట్టుకున్నారు. పక్కనున్న సెక్రటరీ గారు కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. ఆమె మాత్రం బోర్లా పడిన గ్లాసునే చూస్తూ ఉండిపోయింది.

ఉన్నది ఒకటే ఇంగ్లీషు టీచర్ పోస్టు. ఇంతకుముందు రెండు స్కూళ్ళలో డెమో క్లాసు చెప్పబోయి, నోరు పెగలక వెనక్కి వచ్చింది. ఇంట్లో ఆమెకు వచ్చినంత ఇంగ్లీషు ఇంకెవరికీ రాదు. నలుగురి ముందు నిలబడితే మాత్రం ఆ వచ్చింది కాస్తా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది.

ఈసారి కూడా కాకపోతే ఇక ఉద్యోగం ఊసెత్తనని భర్తకు మాటిచ్చింది. బావగారు అప్పుడే తన బట్టల కొట్టులో బిల్లులు రాయడానికి ఆమె కోసం ఓ స్టూలు వేసి ఉంచారు. ఆయన మంచి మనిషే. కానీ ఆ స్టూలు తలుచుకుంటే ఆమెకు ఏడుపొస్తుంది.

సెలవులు కావడంతో స్కూల్లో పిల్లలు లేరు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళనే బెంచీల మీద కూర్చోబెట్టారు. ముందు క్లర్కు, తోటమాలి, ఇద్దరు ఆయాలు. వెనక బెంచీలో, జేబు మీద సిరా మరకతో, ఓ నడివయసు మనిషి. బస్సు డ్రైవరై ఉంటాడనుకుంది.

వస్తువులు ఎలా కదులుతాయో, ఎలా మారిపోతాయో చెప్పే ఇంగ్లీషు క్రియలు ఆమెకిచ్చిన పాఠం. అద్దం ముందు నిలబడి అన్నీ అప్పజెప్పుకుని మరీ వచ్చింది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు. గొంతు తడారిపోయింది. తాగమని పెట్టిన నీళ్ళేమో బల్ల మీదున్నాయి.

"టీచరు గారూ, ఇప్పుడా నీళ్ళకేమైంది?" అన్నాడు వెనక బెంచీ మనిషి.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు ఒళ్ళు మండింది.

"చూస్తున్నారుగా. ఒలికాయి."

"దాన్ని ఇంగ్లీషులో ఏమంటారండీ?"

"స్పిల్," అంది విసురుగా.

"మరి అక్కడ, ఆ బల్ల అంచున?"

ఆమె చూసింది. నీళ్ళు అంచు దాకా వెళ్ళి చుక్కచుక్కగా కింద పడుతున్నాయి. అది డ్రిప్. ఇంకోపక్క సన్నటి ధార బల్ల కాలి వెంట దిగుతోంది. అది ట్రికిల్. గబగబా డస్టరు తీసి వేసింది. డస్టరు తడిని పీల్చుకుంది. అది సోక్. నాలుగు మాటలు చెప్పేశాక గానీ తన నోరు పెగిలిందని ఆమెకు తెలియలేదు.

తోటమాలికి హుషారొచ్చింది. పైపు పగిలి నీళ్ళు ఎగజిమ్మితే ఏమంటారని అడిగాడు. ఓ ఆయా కొవ్వొత్తి కరగడం గురించి అడిగింది. ఆమె సుద్దముక్కను బల్ల మీద దొర్లించి రోల్ అంది, దాన్నే పుటుక్కున విరిచి స్నాప్ అంది. క్లర్కు తన దగ్గరున్న సుద్దముక్కను కూడా విరిచి చూసుకున్నాడు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు. చెట్టు బెరడులోంచి జిగురు కారితే, దాన్నేమంటారని అడిగారు.

ఆమెకు ఆ మాట తెలుసు. నాలిక చివరే ఉంది. రావడం లేదు. సెక్రటరీ గారు కలం మూత తీశారు. కళ్ళ ముందు బావగారి స్టూలు కనిపించింది.

"జిగురుకి తొందరేముందండీ," అన్నాడు వెనక బెంచీ మనిషి నెమ్మదిగా. "మీరూ తొందరపడకండి."

అందరూ గొల్లుమన్నారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అంతసేపూ బిగబట్టుకున్న భయమంతా కోపమై అతని మీద పడింది.

"మీకిది కాలక్షేపం. నాకు బతుకు. దయచేసి కాసేపు నోరు మూసుకుని కూర్చోండి."

నవ్వులు ఆగిపోయాయి. అతను తల దించుకుని, "తప్పేనమ్మా," అన్నాడు. ఇక నోరెత్తలేదు.

తొందర లేకుండా, చిక్కగా, పాకుతున్నట్టుగా... ఆమె ఊపిరి పీల్చుకుంది. మాట దానంతటదే వచ్చింది.

"ఊజ్."

సెక్రటరీ గారు తలూపి ఏదో రాసుకున్నారు.

తర్వాత ఆమెను వరండాలో కూర్చోమన్నారు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. లోపల ఎవరు దగ్గినా ఉలిక్కిపడింది. ఎట్టకేలకు ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి, సోమవారం నుంచి వచ్చెయ్యమన్నారు.

ఆమెకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ సంతోషంలోనే తను అన్న మాట గుర్తొచ్చి ప్రాణం చివుక్కుమంది. ఆ మనిషి అడక్కపోతే తన నోట ఒక్క ముక్క కూడా వచ్చేది కాదు. ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది.

"మేడమ్, మీ డ్రైవరు గారిని అందరి ముందూ కసిరాను. ఆయనెక్కడున్నారు? ఒక్కసారి క్షమించమని అడగాలి."

"డ్రైవరా? సెలవుల్లో డ్రైవర్లెందుకుంటారమ్మా?"

"అదే మేడమ్, వెనక బెంచీలో కూర్చున్నాయన. జేబు మీద సిరా మరక."

"ఓ, ఆయనా," అన్నారు మేడమ్. "పనిచేసే స్కూలు మూతపడి ఆయన ఏడాదిగా ఖాళీగా ఉన్నారట. మీ తర్వాత డెమో చెప్పాల్సింది ఆయనే, తన వంతు వచ్చేదాకా అక్కడ కూర్చున్నారు. రండి అని పిలిస్తే, ఆవిడ పాఠం విన్నాక ఇంకొకరిది ఎందుకండీ అని వెళ్ళిపోయారు."