ఎర్రమన్ను పడేదాకా

"ఇంకో మూరెడు తవ్వు మేస్త్రీ."

గుంతలోంచి మేస్త్రి తల ఒక్కటే కనిపిస్తోంది. ఆ తల పైకెత్తి చూశాడు.

"తవ్వుతాను బాబూ. భూమికి అవతలి పక్క జనం, ఎవర్రా కింద నుంచి పొడుస్తోంది అని తిట్టేదాకా తవ్వుతాను."

"ఎర్రమన్ను పడేదాకా చాలు," అన్నాడు దర్జీ.

పార మరో దెబ్బ వేసింది. మళ్ళీ నల్లమన్నే. పారకు జిగురులా అంటుకుంది. విదిలిస్తే రాలదు, గీకితే పోదు.

నెల కిందట లేపిన వెనక గోడ ఒక్క వానకే ఒరిగింది. అరచెయ్యి దూరేంత బీట. "తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోరు తెరుస్తుంది. దీని మీద గోడ నిలవదు," అని మేస్త్రి ఆనాడే అన్నాడు. దర్జీ వినలేదు. పైన ఎలా ఉన్నా కింద రాళ్ళు కలిసిన గట్టి ఎర్రమన్ను, ఎర్ర గరుసు, ఉండి తీరాలి. కొనకముందు ఆ స్థలాన్ని చూసింది ఎవరనుకున్నారు? చుట్టుపక్కల సగం బావులు తవ్విన బావుల తాత. తనే వెళ్ళి గుంత తీసి, నీళ్ళు పోసి చూసి, మళ్ళీ పూడ్చి, గుప్పెడు ఎర్ర గరుసు సీసాలో పట్టుకొచ్చాడు. "లారీ నిలబెట్టినా దిగబడదు. కళ్ళు మూసుకుని కట్టుకో," అన్నాడు.

ఆ సీసా ఇప్పుడు దర్జీ చేతిలోనే ఉంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోతోంది.

"జేబు కుట్టాలన్నా రెండుసార్లు కొలవందే కత్తెర పెట్టను. అలాంటివాణ్ణి, నన్ను మోసం చేస్తాడా ముసలాడు!"

అంతలో భార్య వచ్చింది. "మనం అద్దెకున్న ఇంటాయన మళ్ళీ వచ్చాడు. వానలు ముదిరేలోగా గది ఖాళీ చెయ్యాలట. అత్తయ్యనీ, పిల్లనీ, మీ మిషన్నీ ఎక్కడ పెట్టమంటారు? ఈ గుంతలోనా?"

"గుంత చాలుతుందమ్మా," అన్నాడు మేస్త్రి లోపలి నుంచి. "మెట్లు కడితే సరి."

దర్జీ పళ్ళు కొరికాడు.

దారికీ గుట్టకీ మధ్య వరసగా నాలుగు ఇళ్ళ స్థలాల ముక్కలు. దర్జీ పక్క ముక్కలో టీచరమ్మ గడ్డపారతో కుస్తీ పడుతోంది. ఉద్యోగంలోంచి దిగిపోయాక తోట పెంచుకుంటానని కొనుక్కున్న మనిషి. మొదటిరోజు ఏది ఎవరిదో తెలియక దారి మీద నిలబడి తికమకపడుతుంటే దర్జీయే దగ్గరుండి చూపించాడు. "ఇది రెండోది, నాది. దాని అవతలిది మూడోది, మీది," అని.

"బాబూ, మీ గుంతలో మన్ను రెండు తట్టలు ఇస్తారా?" అని అడిగింది ఆవిడ. "మూడో జామ మొక్క కూడా ఎండిపోయింది. గడ్డపార వంగింది గానీ గుంత పడలేదు."

"మొత్తం తీసుకెళ్ళండి టీచరమ్మా, ఆ గోడతో సహా!" అని అరిచి, బండి తీశాడు.

అరగంటలో తాతని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. తాత గుంత అంచున చతికిలబడ్డాడు. చిటికెడు నల్లమన్ను అరచేతిలో వేసి నలిపాడు. అది వానపాములా సాగింది. దులుపుకున్నాడు.

"ఇది నేను చూసిన మన్ను కాదు."

"తాతా! నీ చేత్తో ఇచ్చిన సీసా ఇదిగో!"

"సీసాలోది నేను చూసిందే. గుంతలోది కాదు."

"ఒక్క స్థలంలో రెండు రకాలా? ఎవరికి చెబుతావు?"

"అరవకురా అబ్బాయ్. కాగితంలో ఏం రాశారు?"

"రెండో ముక్క అని. దారి నుంచి రెండోది ఇదే. నాలుగు దాకా లెక్కపెట్టడం కూడా రాదా నాకు?"

"దారి నుంచి అని రాశారా?"

దర్జీ రెండు అనే మాట చూసి కాగితం మడిచి పెట్టెలో పెట్టినవాడు, ముందూ వెనకా ఏముందో చదవలేదు.

"ఈ ముక్కలు కోసిననాడు దారెక్కడిదిరా ఇక్కడ?" అన్నాడు తాత.

కర్ర పొడుచుకుంటూ పైకి నడిచాడు. గుట్ట కింద పాత హద్దురాయి ఉంది. దాని మీద ఓసారి చెయ్యి ఆనించి, ఇటు తిరిగాడు. మొదటి ముక్క దాటుతూ ఒక వేలు మడిచాడు. ఇంకాస్త దిగి రెండో వేలు మడిచి, ఎండిన జామ మొక్క పక్కన ఆగాడు. టీచరమ్మ గడ్డపార పక్కన పెట్టి చూస్తోంది. తాత కర్ర ఎత్తి నేల మీద పొడిచాడు. ఖంగుమంది.

"ఇదిరా నీ స్థలం."