బంగారుగడ్డలో రెండో చుట్టు

"ఇంకో చుట్టు కొడదామా?" అన్నాడు రాఘవేందర్.

విజయశ్రీ చేతిలోని పులిహోర ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అడిగింది ఎవరు? అశోక్‌నగర్‌లో వీధి మూలనున్న ఇస్త్రీ బండి దాకా పోవాలన్నా స్కూటర్ తీసే మొగుడు! సుల్తాన్ బజార్‌లో తన దుప్పట్ల దుకాణానికి పోతే పొద్దంతా పరుపు దిగడు. నడవకపోతే ఇక రోజూ ఇన్సులిన్ సూదేనని నారాయణగూడ డాక్టర్ బెదిరిస్తే, "నడిచేటోళ్లకు షుగర్ లేదా సార్?" అని ఎదురు ప్రశ్న వేసి వచ్చిన ఘనుడు. వస్తే పులిహోర, రాకపోతే రాగి జావ అని చెప్పి ఈ ఆదివారం ఇక్కడికి లాక్కొచ్చిందామె.

"పానం మంచిగనే ఉందా?" అని అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"మస్తుగుంది. ఈ అడవి ఒక్కసారి చూస్తే ఏం సరిపోతది?"

అడవీ లేదు, గిడవీ లేదు. పులిహోర కోసం చెయ్యి చాచినప్పుడు చూసుకున్నాడు, వేలికి ఉంగరం లేదు!

అది మామగారి ఉంగరం. పెళ్లి పీటల మీద అల్లుడికి చేయించిన ఉంగరం వేలికి ఎక్కకపోతే, ఆయన తన వేలిది తీసి తొడిగాడు. అదేమో వదులు. విజయశ్రీయే దానికి దారం చుట్టి బిగుతు చేసేది. ఆయన పోయాక నాయన గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే. దారం మాసిపోయింది, గిరాకీల ముందు నామోషీ అని నిన్ననే కత్తెరతో కోసి పారేశాడు రాఘవేందర్. ఇప్పుడీ సంగతి ఏ ముఖంతో చెప్పాలి? ఆమె కళ్లనీళ్లు పెట్టకముందే గప్‌చుప్‌గా వెతికి తేవాలనుకున్నాడు.

గేటు దగ్గరి బోర్డు మీద రాసే ఉంది. బంగారుగడ్డ అటవీ పార్కు. ఒకప్పుడు ఇక్కడ బంగారం తవ్వారు. చుట్టుదారి ఐదు కిలోమీటర్లు. నడక మధ్యస్థం.

"మధ్యస్థం అంటే ఏంది?" అని పొద్దున అతనే అడిగాడు.

"మధ్యలో కూలబడేటోళ్ల కోసమని," అంది విజయశ్రీ.

అన్నట్టే మొదటి చుట్టులో పాత గని దగ్గర దిగుడులో కంకర జారి కూలబడబోయాడు. "చెయ్యియ్యండి," అని ఆమే పట్టుకుంది. ఇరవై ఏడేళ్ల కాపురంలో నలుగురిలో చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడిపోయాడు. ఆమె చెయ్యి వదిలేదాకా అతనికి షుగరూ గుర్తు లేదు, ఉంగరమూ గుర్తు లేదు.

రెండో చుట్టు మొదలైంది. రాఘవేందర్ తల వంచితే ఎత్తలేదు. ప్రతి పొదలోకీ తొంగి చూశాడు. ప్రతి రాయీ తిరగేశాడు.

"ఏం సార్, బంగారం దేవులాడుతున్నరా?" కాపలా దాసయ్య పళ్లికిలించాడు. "ఎనకటోళ్లు ఎప్పుడో తోడుకపోయిండ్రు. మీకేం మిగిల్చిండ్రు?"

"కాదన్నా, చీమలు. చీమలను చూస్తున్న."

"చీమలా?"

"చిక్కడపల్లిలో గిసొంటి చీమలు లేవు."

దాసయ్య విజయశ్రీ వంక జాలిగా చూశాడు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

కాస్త దూరం పోయేసరికి పులిహోర సంచి పట్టీ తెగింది. "జర అటు చూస్తుండండి," అని వెనక్కి తిరిగి, పుస్తెలతాడుకున్న పిన్నీసు ఒకటి తీసి పట్టీకి పెట్టింది. అతనెక్కడ చూస్తున్నాడు, తుప్పలోకి దూరిపోయాడు కదా!

పాత గని దాకా వచ్చేసరికి కాళ్లు పీక్కుపోయాయి, ధైర్యమూ అయిపోయింది. రాయి మీద చతికిలబడ్డాడు.

"విజయా... మీ నాయన ఉంగరం పోయింది. దారం నేనే కోసిన. నన్ను ఏమన్న తిట్టు."

విజయశ్రీ అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. రాఘవేందర్ రెండు చేతులూ జోడించాడు.

"ఏడ్వకే, నీకు దండం పెడ్త."

ఆమె మొహం తుడుచుకుని, "పోతే పోయింది తియ్యండి. మీకంటే ఎక్కువనా?" అంది.

ఆ మాటకు ఏడుపు అతనికి వచ్చింది. "నీ మీద ఒట్టు! ప్రతి ఆదివారం వస్త. ఈ గుట్ట మొత్తం జల్లెడ పడ్త."

"వద్దండి. మీకు నడక పడదు."

"ఎట్ల పడదు? పడేట్టు చేస్త!"

చేశాడు కూడా. ఆదివారం అడవిలో కాళ్లు మొరాయించకూడదని రోజూ పొద్దున్నే అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి రావడం పెట్టుకున్నాడు. స్కూటర్ సీటు మీద పిల్లి సంసారం పెట్టింది. ప్యాంట్లన్నీ వదులైపోయాయి.

మూడు నెలలు తిరిగేసరికి డాక్టర్ రిపోర్టు చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "షుగర్ ఇంత దిగిందేందమ్మా? ఏం మందు పెడుతున్నరు?"

"బంగారం సార్," అంది విజయశ్రీ.

దెప్పిందనుకుని రాఘవేందర్ తల దించుకున్నాడు. పాపం, ఇంకా మర్చిపోలేదు, ఎట్ల మర్చిపోతది అని లోపల్లోపల కుమిలిపోయాడు.

మర్నాడు ఆదివారం. తెల్లారకముందే బూట్లు బిగించి గుమ్మంలో నిలబడ్డాడు.

"విజయా, జల్ది రా! ఇయ్యాల గని ఎనక దిక్కు చూద్దాం. దొరుకుతదని నాకు గట్టిగ అనిపిస్తుంది."

"కొంగుకు పిన్నీసు పెట్టుకుని వస్తున్న," అని లోపలి నుంచి కేకేసింది విజయశ్రీ. తలుపు దగ్గరగా వేసి, జాకెట్టులోంచి పుస్తెలతాడు పైకి లాగింది.

పిన్నీసుల నడుమ, ఆనాడు గని దిగుడులో ఆమె గుప్పిట్లోకి జారిన నాయన ఉంగరం కొత్త దారం చుట్టుకుని ఊగుతోంది.