దగ్గు బిళ్ళ

కల్లంలో అడుగు పెడుతూనే ఆ అమ్మాయి దగ్గడం మొదలుపెట్టింది.

ఆరబోసిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్న భావనారాయణ తలెత్తాడు. రోడ్డు మీద ఆటో దిగి వచ్చింది. భుజాన చిన్న సంచి. గడ్డం మీద కుట్లు పడ్డ మచ్చ.

"అఖిల వాళ్ళ నాన్నగారేనాండీ?"

"ఏ ఛానెలు?"

"ఛానెల్ కాదండీ..."

"అందరూ ముందు అలాగే అంటారు. తర్వాత ఫోను బయటికి తీస్తారు."

అవతల తాలు ఏరుతున్న గురవమ్మ కల్పించుకుంది. "పిల్ల ఎండన పడి వచ్చింది. కాసేపు కూర్చోనియ్యి అన్నయ్యా."

భావనారాయణ కూర్చోమనలేదు. కల్లానికొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వకుండా పంపడం అతని ఇంటా వంటా లేదు. ఈ ఏడే నేర్చుకున్నాడు.

అఖిల సైకిల్ రేసులో దేశం మొత్తం మీద మొదట వచ్చిందని ప్రత్తిపాడు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. దాని రంగు వెలిసిపోకముందే, రేసయ్యాక చేసిన పరీక్షలో ఏదో దొరికిందన్నారు. పతకం తీసేసుకున్నారు. నిషేధం పెట్టి జట్టులోంచి పంపేశారు.

"మందు కొట్టి గెలిచిందంట" అంది ఊరు.

"తోటకి కొడతారు గాని, పిల్లకేం మందు కొడతార్రా?" అని గురవమ్మ ఒక్కతే దెబ్బలాడింది.

విచారణ వాళ్ళు అతనికీ ఫోన్ చేశారు. "ఇంట్లో మందు ఏమైనా వాడతారా అండీ?"

"మా నాన్న ముట్టలేదు, నేను ముట్టలేదు. మా గడపలో మందన్న మాటే లేదు" అన్నాడు భావనారాయణ, గట్టిగా.

వాళ్ళు ఆ మాటే రాసుకున్నారు.

అఖిల మంగళగిరిలో ఏదో ఆఫీసులో చేరింది. ఫోన్ చేస్తే, "తిన్నావా నాన్నా?" అంటుంది. తిన్నానంటాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండవు. భార్య రాజేశ్వరి బతికున్న రోజుల్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది.

ఆ అమ్మాయి పాక వైపు నడిచింది. మీద కప్పిన పట్టా పక్కకి జరిపి, అఖిల సైకిల్ చక్రం ఒకసారి తిప్పింది. చెవి దగ్గరపెట్టి విన్నది.

"దాన్ని ముట్టుకోకు!"

చెయ్యి తీసేసింది. "చైనుకి నూనె పెట్టాలండీ. తుప్పు పడుతోంది."

"ఎవరు తొక్కాలని?"

ఆ అమ్మాయి పట్టా మళ్ళీ కప్పింది.

"ఒక్కటి అడిగి వెళ్ళిపోతానండీ. రేసుకి వెళ్ళేముందు అఖిల మందేమైనా..." అంది.

భావనారాయణ చేతిలో కాయలు నేలకేసి కొట్టాడు.

"మళ్ళీ అదే మాట! పో. ముందు కల్లం దిగు."

"ఆ మందు కాదండీ..."

మాట పూర్తి కాలేదు. ఘాటు గొంతుకి అడ్డం పడింది. వంగిపోయి, మోకాళ్ళు పట్టుకుని దగ్గింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

భావనారాయణ చూడలేకపోయాడు. కాయలు కల్లానికొచ్చాయంటే అఖిలా అచ్చం ఇలాగే దగ్గేది. అతని చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది.

"ఇంద, వేసుకో. మా దానయ్య డాక్టరిచ్చేది. చిటికెలో ఆగిపోద్ది."

ఆ అమ్మాయి బిళ్ళల షీటు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేం మందండీ?"

"మందు కాదు. దగ్గు బిళ్ళ."

"అఖిల కూడా వేసుకుంటుందా?"

"చిన్నప్పట్నుంచీ అదే. రేసుకని రైలెక్కేటప్పుడు కూడా ఓ షీటు సంచిలో పెట్టాను. రాత్రుళ్ళు దగ్గుతుందని."

ఆ అమ్మాయి బిళ్ళ వేసుకోలేదు. షీటుని గుప్పిట్లో మూసి, అతని ముఖంలోకి చూసింది.

"ఇది నేను తీసుకెళ్ళొచ్చాండీ?"

"తీసుకుపో. మళ్ళీ మాత్రం ఇటు రాకు."

ఆమె నమస్కారం పెట్టి వెళ్ళింది. రోడ్డెక్కేదాకా దగ్గు వినబడుతూనే ఉంది.

"గుక్కెడు నీళ్ళన్నా ఇవ్వలేదు గదా అన్నయ్యా" అంది గురవమ్మ.

అతను తాలు ఏరుకుంటూ కూర్చున్నాడు.

కాయలు గుంటూరు యార్డుకి వెళ్ళిపోయి కల్లం బోసిపోయాక, ఒక సాయంత్రం అఖిల ఫోన్ చేసింది. తిన్నావా అని అడగలేదు.

"నాన్నా, నిషేధం ఎత్తేశారు!"

"ఏందమ్మా?"

"పరీక్షలో దొరికింది నీ దగ్గు బిళ్ళలోది నాన్నా. ఏమేం మందులు వాడావని అడిగితే నేనూ దాని పేరు చెప్పలేదు. అదీ మందేనని నాకు తట్టలేదు. ఎవరో ఆ షీటు పట్టుకెళ్ళి విచారణ వాళ్ళకిచ్చారంట. దానయ్య డాక్టరు చేత కూడా చెప్పించారంట. పతకం రాదు గాని, జట్టులో నా చోటు నాకిచ్చేశారు."

భావనారాయణ జేబు తడుముకున్నాడు.

"నేనే ఇచ్చానమ్మా నీకది."

"దగ్గుతున్నానని ఇచ్చావు నాన్నా."

ఈసారి ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఎవరో పిల్ల వచ్చిందమ్మా ఇక్కడికి. గడ్డం మీద కుట్ల మచ్చ. కసిరి పంపేశాను. ఒకసారి తీసుకురా, నా చేత్తో ఇంత అన్నం పెడతాను."





"గడ్డం మీద మచ్చా? అయితే శ్రీరమ్య నాన్నా ఆ అమ్మాయి. ఫోన్ చేస్తుంటే కలవట్లేదు. జట్టులోంచి నిన్ననే ఇంటికి పంపేశారంట."

"అయ్యో, ఎందుకమ్మా?"

"నన్ను తీసేసినప్పుడు నా చోటు ఇచ్చింది ఆమెకే నాన్నా."