గుమ్మం పక్కన సంచి

సంచి తాత పిడికిలి వరండా గ్రిల్ సందులోంచి చులాగ్గా అవతలికి దూరింది.

"నా పిడికిలే పట్టింది. చిన్నపిల్ల తల పట్టదా?" అన్నాడు.

వెల్డరమ్మకి ఒళ్ళు మండింది. ఊళ్ళో సగం గ్రిల్స్ తన చేతి అతుకులే. అలాంటిది తన ఇంటి గ్రిల్‌కే వంక పెడతాడా ఈ పక్క వాటా ముసలాయన!

"మిమ్మల్నెవరైనా అడిగారా తాతగారూ?"

"అడగలేదు. నువ్వు తెచ్చుకునే పిల్ల పక్క తడిపితే ఏం చేస్తావు?"

"ఉతికి ఆరేస్తా."

"ఎదురు తిరిగితే?"

"నేనూ తిరుగుతా. ఇద్దరం అలిసిపోయాక అన్నం తింటాం."

"మరీ విసిగిస్తే? వెనక్కి పంపేస్తావా?"

"పంపడానికి అదేమన్నా చెప్పుల జతా, కరిచిందని కొట్లో తిరిగిచ్చెయ్యడానికి? ముందు మీరు కదలండి!"

ఆయన మొహం మీదే తలుపు ధడాలున వేసింది.

కన్నవాళ్ళ దగ్గర ఉండలేని పిల్లని ఇంట్లో పెట్టుకుని పెంచుతానని వెల్డరమ్మ పెట్టిన దరఖాస్తు అప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి ఒంటరి మనిషివన్నారు. రెండోసారి నిప్పుతో పనన్నారు.

"నిప్పు ఎక్కడ పెట్టకూడదో నాకన్నా ఎవరికి తెలుసు?" అని బల్ల గుద్ది మరీ మూడోసారి పెట్టింది. వారంలో తనిఖీ. ఇప్పుడీయన ఒకడు తయారయ్యాడు.

ఆయన పక్క వాటాలోకి వచ్చి పదకొండేళ్ళు. నా అన్నవాళ్ళు ఎవరూ రారు. గుమ్మం పక్కన మాత్రం బట్టలు సర్ది, జిప్పు వేసిన సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఏ ఊరూ వెళ్ళిన పాపాన పోలేదు.

"ప్రయాణం ఎప్పుడు సంచి తాతా?" అని అందరూ ఆటపట్టించేవాళ్ళు.

"ఎప్పుడంటే అప్పుడే" అని నవ్వేవాడు.

తిట్టుకుంటూనే ఆ సాయంత్రం వెల్డరమ్మ ప్రతి రెండు ఊచల మధ్యా ఇంకో ఊచ అతికింది.

శుక్రవారం తనిఖీకి ఆఫీసరమ్మ వచ్చింది. పిల్ల కోసం వేసిన మంచం చూసింది. మందుల అలమరకి తాళం ఉందో లేదో లాగి చూసింది. గ్రిల్ సందులో పిడికిలి పెట్టింది. పట్టలేదు.

"ఇక పొరుగువాళ్ళని అడగాలి. మీరు ఇక్కడే ఉండండమ్మా" అని సంచి తాత వాటాలోకి వెళ్ళింది.

గంటైనా బయటికి రాలేదు. వెల్డరమ్మ వరండాలో పచార్లు చేసింది. మొహాన తలుపు వేయించుకున్నవాడు మంచెందుకు చెబుతాడు?

ఆఫీసరమ్మ మెట్లు దిగీ దిగకముందే వెల్డరమ్మ వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడింది.

"ఏం నూరిపోశారు అంతసేపు?"

"ఉన్నదే చెప్పా."

"ఉన్నదంటే? నా నోరు పెద్దదని, తలుపు మొహాన కొట్టానని, అదేగా?"

"అదీ చెప్పా."

"నోటి దగ్గర కూడు లాగేశారు కదా! వినండి. ఈసారీ కాదంటే నాలుగోసారి పెడతా. పదోసారీ పెడతా. మీరు కాదు కదా, మీ తాత దిగొచ్చినా నన్ను ఆపలేరు!"

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఇంకా మండింది. ఆనాటి నుంచి ఎదురుపడితే తల తిప్పుకుంది.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం తాతకి గుండె నొప్పి వచ్చింది. ఆమె షాపు నుంచి వచ్చేసరికి అంబులెన్స్ వెళ్ళిపోయింది. ఆయన మరి తిరిగి రాలేదు. సంచి గుమ్మం పక్కనే ఉండిపోయింది.

నెల తిరక్కుండా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. వెల్డరమ్మ గొడవకి సిద్ధపడే వెళ్ళింది.

"మంజూరైందమ్మా" అంది ఆఫీసరమ్మ.

ఫైల్లోంచి ఒక కాగితం తీసి, నడుం బిగించి వచ్చిన మనిషి ముందు పెట్టింది.

"కమిటీలో ఇద్దరు వద్దనే పట్టుబట్టారు. మీ పక్క వాటా తాతగారు రాసిచ్చిన ఈ కాగితం చదివాక మళ్ళీ నోరెత్తలేదు. ఆయన పోయారటగా, మీరు చూడాలనిపించింది."

అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. మొదట్లో, ఆయన చెప్పినట్టే, ఆమె నోరూ, తలుపూ, చెప్పుల జతా అన్నీ ఉన్నాయి. వెల్డరమ్మ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది.

"చిన్నప్పుడు పెంచుతామని ఐదిళ్ళవాళ్ళు నన్ను తీసుకెళ్ళి, ఐదిళ్ళవాళ్ళూ తిప్పి పంపారు కాబట్టి ఈ వయసులోనూ సంచి సర్దుకునే ఉంటున్నాను, ఈ అమ్మాయి ఇంటికొచ్చే పిల్లకి ఆ అవసరం రాదు."