తెల్లపూత

"పండ్లు జర తీయుండ్రి పంతులూ" అన్నాడు డాక్టర్ సుదర్శన్‌రావు.

లింగమూర్తి తీయలేదు. పెదవులు బిగించి గోడకేసి చూశాడు. కూతురు అనసూర్య గడ్డం పట్టుకుని బతిమాలితే, చివరికి పైవరుస కట్టుడు పళ్లు తీసి పిడికిట్లో దాచుకున్నాడు. అంగిలి మీద మళ్లీ అదే తెల్లపూత. దూదితో తుడిస్తే కింద ఎర్రటి పుండు.

మూడు నెలల్లో ఇది నాలుగోసారి. డాక్టరుకు అంతు చిక్కడం లేదు. ఊదారంగు మందు పూసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపగానే తిరిగొస్తుంది. మూత్రం పరీక్ష చేయించాడు, చక్కెర లేదు. బీడీ అలవాటు లేదు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నాడా అంటే, రోజూ తన కళ్లముందే పుక్కిలిస్తున్నాడని అనసూర్య చెప్పింది. గంజి తప్ప మరేదీ మింగలేక మనిషి సగమయ్యాడని, లక్సెట్టిపేటలో సంసారం వదిలి తాను ఇట్లా హుజూరాబాద్‌లో ఎన్నాళ్లుండగలనని కూడా అంది.

"రాత్రి తీసి నీళ్లల్ల పెడుతున్నరా?"

లింగమూర్తి పిడికిలి ఒళ్లోకి లాక్కున్నాడు.

"బాపు పెడ్తలేడు సార్. పండ్లు పెట్టుకొనే పంటడు. అడిగితే కసురుతడు" అంది అనసూర్య. ఆమె గొంతు తగ్గించింది. "అవ్వ పోయినంక, నాకు చెప్పకుండనే కట్టించుకున్నడు. వాడకట్టోళ్లు నవ్వుతున్నరు, ముసలాయన మళ్ల పెండ్లికి తయారైతుండని."

డాక్టరు నవ్వబోయి ఆగాడు. లింగమూర్తి భార్య సక్కుబాయి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పిన మనిషి, పళ్ల కోసం ఆకలికి మాడుతున్నాడు. ఇది షోకు కాదు. మరేమిటో తోచలేదు. అనసూర్యకూ తోచలేదు. పెండ్లి మాట అబద్ధమైతే బాగుండును, నిజమైనా సరే, ఏదో ఒకటి తండ్రి నోరు విప్పి చెబితే చాలు అనిపిస్తోంది ఆమెకు.

"గివి అంగిట్ల సరిగ్గ కూసుంటలేవు. రాసుకొని పుండైతుంది, పుండు మీద పూత పడుతుంది. నేను చిట్టీ రాసిస్త, కరీంనగర్ల కొలత తీసి కొత్తవి చేస్తరు. గివి పారేద్దాం" అంటూ డాక్టరు చెయ్యి చాచాడు.

లింగమూర్తి పిడికిలి గుండెకు ఆనించుకున్నాడు. ఎవరివైపూ చూడకుండా, పళ్లు లేని నోటితో నెమ్మదిగా అన్నాడు.

"కాష్టానికి తీస్కపోయే ముందు సక్కుబాయి ఒంటిమీది సొమ్ములు బిడ్డకిచ్చిండ్రు, చీరెలు చాకలామెకిచ్చిండ్రు... ఆమె నోట్లకెళ్లి తీసిన గివొక్కటే నా చేతుల పెట్టిండ్రు సార్."