కోసే హక్కు

"పసిపిల్లలకి ఒక గట్టి ఇల్లు కావాలి. అడిగింది అంతే" అంది టైలరమ్మ.

మేయరు బడ్జెట్ పుస్తకం ముందుకు తోసి, కౌన్సిల్‌కి కొత్త పద్దు చేర్చే అధికారం లేదని ముచ్చటగా మూడోసారి చెప్పాడు. రాసేది మేయరు, కోసేది కౌన్సిల్. ఈ రూలు పెట్టినవాడెవడో గానీ మేయర్ల చుట్టమే అయివుంటాడు.

టైలరమ్మ ఈ మధ్యే కౌన్సిల్‌కి గెలిచింది. మెడలో కొలతల టేపుతోనే సమావేశాలకి వస్తుంది. ఆమె వార్డులో పనులకెళ్లే తల్లులు పిల్లల్ని ఒక రేకుల షెడ్డులో వదిలి వెళ్తారు. వానొస్తే ఆయా ముప్ఫైమందినీ ఒకే మూలకి చేరుస్తుంది. పోయిన నెల టైలరమ్మ కొడుకే అక్కడ తడిసి, జ్వరంతో ఆస్పత్రి పాలయ్యాడు. ఆ కోపం ఆమెకింకా చల్లారలేదు.

పక్క సీటు పెద్దాయన ఈయనకి చెప్పడం గోడకి చెప్పుకున్నట్టే, వదిలెయ్యమ్మాయ్ అన్నాడు. ఆమె వదల్లేదు.

"కొయ్యడానికి మీ సంతకం అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు. సగం మంది పైన చేతులెత్తితే చాలు. కోసుకోండి."

మేయరుకి చీమ కుట్టినట్టయినా లేదు. పోతే పూలకుండీల ఖర్చో, టీ ఖర్చో పోతుందనుకున్నాడు.

ఆమె వేలు పద్దుల మీదుగా జారి పదకొండో దాని దగ్గర ఆగింది. బజారు వీధిలో మేయరు రెండో ఆఫీసుకి అద్దె. తొమ్మిదిమంది సభ్యుల్లో ఆరుగురు చేతులెత్తారు. పద్దు ఎగిరిపోయింది.

అద్దె ఆగితే పదేళ్ల ఒప్పందం రద్దయినట్టేనని, వారంలో ఖాళీ చెయ్యాలని గుమాస్తా గొణిగాడు. మేయరు హాయిగా నవ్వాడు. తను అక్కడికి వెళ్లేదే నెలకోసారి, బల్లలూ కుర్చీలూ రేపే తెప్పించేస్తానన్నాడు.

"కొండను తవ్వి ఎలుకను పట్టారమ్మా. దీంతో మీ పిల్లలకి ఒరిగిందేమిటి? ఆ ఇంటి ఓనరు పెద్దావిడ ముఖం నేనెప్పుడూ చూళ్లేదు గానీ, పాపం, అద్దె డబ్బులతో బతికే మనిషట. ఆవిడ కడుపు కొట్టారు."

టైలరమ్మ సంచిలోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"ఆవిడ మా అత్తగారండీ. మీరు కదిలితే చాలు, పిల్లల్ని అద్దె లేకుండా అందులో పెట్టుకోమంది."