కంట్రోల్ ఎఫ్ నైన్

శ్రీరామ్మూర్తి మాస్టారు ఒకడుగు వెనక్కి వేశారు.

ఎదురుగా బల్ల మీద పాత త్రీ ఎయిటీ సిక్స్ కంప్యూటర్. తెరంతా నీలం. టర్బో పాస్కల్, ఆ రోజుల ప్రోగ్రామింగ్ భాష. మూలన కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. వెనక ముప్పై మంది పాత శిష్యులు ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు.

సన్మానమని చెప్పి ద్వారకా నగర్‌లోని హోటల్ హాలుకి తీసుకొచ్చారు. దండ వేశారు, శాలువా కప్పారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత గుడ్డ తొలగించి ఈ మెషీన్ చూపించారు. పూర్ణా మార్కెట్ దగ్గర పాతసామాన్ల కొట్లో దొరికితే శిష్యుల్లో ఒకడైన దేవీప్రసాద్ నెలరోజులు కూర్చుని బాగుచేశాడట.

"ప్రైమ్ నంబర్ల ప్రోగ్రాం కొట్టండి మాస్టారూ. మీ చేత్తో కొడుతుంటే చూడాలని మా అందరి ఆశ," అంది హిమబిందు. ఆవిడ ఇప్పుడు రెండొందల మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకి యజమాని.

మాస్టారు కళ్లద్దాలు తేలేదన్నారు. అవి జేబులోంచి తొంగిచూస్తూనే ఉన్నాయి. బీపీ అన్నారు. కుర్చీ తెచ్చి వేశారు.

"నాకు సేతకాదమ్మా ఇది. వదిలీండి," అన్నారు చివరికి.

హాలంతా నవ్వింది. నవ్వదూ మరి? ఆ రోజుల్లో మాస్టారు పాఠం చెప్పే ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ఏసీ గదిలో ఉన్నవి రెండే మెషీన్లు. చెప్పులు విప్పి వెళ్లాలి. ఫీజు కట్టిన పిల్లలకే, అదీ మనిషికి వారానికి గంట, నిమిషం ఎక్కువ ఇవ్వరు. ఎర్రర్ వస్తే కాగితం మీద రాసుకుని, మెట్లు దిగి మాస్టారి క్లాసుకి పరుగెత్తేవారు. ఆయన నోట్సు ఒక్కసారి చూసి, పన్నెండో లైన్లో సెమికోలన్ ఏదిరా అని సుద్దముక్క విసిరేవారు. తప్పులు పట్టే కంపైలర్ పొరబడినా మాస్టారు పొరబడరని పిల్లలు పందేలు కాసేవారు.

ఆ పేరు ఇవాళ్టితో సరి. ఇంతమంది ముందు, అదీ వీడియోలో. లేచి పారిపోదామా అనిపించింది ఆయనకి. 

"భయమేటి మాస్టారూ? మర్సిపోతే నాను పక్కనే ఉన్నాను గదా," అన్నాడు దేవీప్రసాద్ చెవిలో.

కొట్టడం మొదలుపెట్టారు. మొదటి లైను అవగానే ఎడం చెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, దేన్నో పక్కకి తోయబోయి ఆగిపోయింది. మళ్లీ నవ్వులు. పాస్కల్ చెప్పకముందు ఆయన టైపు మాస్టారని అందరికీ తెలుసు. ఎంటర్ నొక్కండి మాస్టారూ అని ఎవరో గుర్తుచేశారు.

తర్వాత వేళ్లు దారిలో పడ్డాయి. బిగిన్, ఫర్, ఇఫ్, ఒక్కొక్కటీ వచ్చి కూర్చున్నాయి. చివరి ఎండ్ పక్కన చుక్క పెట్టి ఆగారు.

"ఇంక కంట్రోల్ ఎఫ్ నైన్," అన్నారందరూ ఒక్క గొంతుతో. ప్రోగ్రాం నడవాలంటే ఆ మీటలు నొక్కాలని వాళ్లకి నేర్పింది ఆయనే. కంట్రోల్ కీ కోసం ఆయన కళ్లు చాలాసేపు వెతికాయి. దొరికింది. ఎర్రర్ వస్తే మళ్లీ వీళ్ల మొహం చూడలేననుకుంటూ నొక్కి, కళ్లు మూసుకున్నారు.

చప్పట్లకి తెరిచారు. నల్లగా మారిన తెర మీద అంకెలు తొంభై ఏడు దాకా వచ్చి ఆగాయి. ఒక్క తప్పు లేదు.

మాస్టారి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. పాత రోజులు గుర్తొచ్చి ఉంటాయని హిమబిందు ఆయన చెయ్యి పట్టుకుంది.

పదకొండేళ్లు పాస్కల్ చెప్పిన శ్రీరామ్మూర్తి మాస్టారు కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యడం, పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.